బెల్లం మొక్కు రాసినవాడు

హెబ్బగోడి,
జూన్ 9.

బామ్మర్ది రామాంజనేయులుకు,

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం అని మొదలుపెట్టడం మర్యాద. నేను బాగా లేను కాబట్టి సగం మర్యాదే పాటిస్తున్నాను. నీ చెల్లెలు వనజ బాగుంది.

ఈ వంకర అక్షరాలు ఎవరివా అని చూడకు. నావే. మార్చిలో వచ్చిన పక్షవాతం కుడిచేతిని పట్టుకుపోయింది. ఎడమచేత్తో రాస్తున్నాను. చేతితోపాటు కొన్ని మాటలు కూడా పోయాయి. నిన్న వనజను పట్టకారు అడగబోయి, ఆ మాట రాక, "వేడిగిన్నె దించేది, వేడిగిన్నె దించేది" అని పావుగంట అన్నాను. ఆమె నవ్వింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు మూడో వాక్యానికే ఉపన్యాసంలోకి దిగుతావు. నాకా, నాలుక తిరగదు. కాగితం మీదైతే ఇద్దరం సమానం.

పని ఏమిటంటే, పంతొమ్మిదేళ్ల కిందట నేను ఇల్లు మారేటప్పుడు నీ టైలరు షాపు అటక మీద ఒక రేకు పెట్టె ఉంచాను. అందులో పదకొండు నోటుపుస్తకాలు. నేను రాసిన పదకొండు నాటకాలు. వేరే ప్రతులు లేవు. స్పందన అని ఒకమ్మాయి, ఆఫీసు ఉద్యోగం చేస్తూ సెలవు రోజుల్లో తెలుగు నాటకాలు ఆడే బృందం నడుపుతోంది. నవంబరు 23న నా ‘పటం వెనక బెల్లం’ ఆడతానంటోంది. తర్వాత మిగతావన్నీ కలిపి పుస్తకం వేస్తుందట. కరపత్రంలో ‘రచన: సొన్నప్ప’ అని ఉంటుంది.

వచ్చే ఆదివారం ఆమె కాడుగోడి వస్తుంది. పెట్టె దించి ఉంచు.

సొన్నప్ప

*

శ్రీరామ

కాడుగోడి,
జూన్ 18.

బావా,

నీ జాబు అందింది. నీ చేతి సంగతి చదివాక రెండు పూటలు ముద్ద దిగలేదు. వనజకు ధైర్యం చెప్పు. శరీరం అద్దె ఇల్లు. యజమాని ఒక్కో గదే ఖాళీ చేయిస్తున్నాడు. మిగిలిన గదుల్లో దీపం పెట్టుకోవాలి గానీ పాత సామాను కోసం అటకలు వెతకడమేమిటి?

ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. నాకు వీలు కాదని చెప్పి పంపాను. కోప్పడ్డానని ఆమె నీకు చెప్పే ఉంటుంది. కోప్పడ్డాను. "మీ బావగారి కామెడీ ఎంత ఫ్రెష్‌గా ఉంటుందో కదండీ" అంది నా పూజగది ముందు నిలబడి.

యుద్ధభూమిలో రథం మీద నిలబడి స్వామి చెప్పింది నీకు ఎన్నిసార్లు వినిపించాను? ఎదుటివాడి మనసు కలత పెట్టకూడదు, సత్యం కావాలి, ప్రియంగా ఉండాలి, మేలు చేయాలి. ఈ నాలుగూ ఉన్న మాటే నాలుక చేసే తపస్సు. నీ నాటకాల్లో ఒక్క మాట ఈ నాలుగు గడపలూ దాటుతుందా? పొట్టివాణ్ణి చూసి నవ్వించావు, నత్తివాణ్ణి చూసి నవ్వించావు, పిసినారిని, వాడి పెళ్లాన్ని, చివరికి పటంలోని దేవుణ్ణి కూడా నవ్వులపాలు చేశావు. నోటిలోంచి వచ్చిన గాలికి కూడా లెక్క అడుగుతారు బావా, అక్కడ.

నేను మఠంలో చదివినవాణ్ణి కాను. మిషన్ తొక్కుతూ టేప్‌రికార్డర్‌లో విని, ఒక చొక్కాకు గుండీలు కుట్టేలోపు ఒక శ్లోకం నోటికి పట్టినవాణ్ణి. ఇవాళ ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడి హాల్లో నాలుగొందల మంది నా ముందు కూర్చుంటారు. వాళ్లకు నేనిచ్చేది నవ్వు కాదు. నువ్వు కూడా ఈ వయసులో నామం పట్టుకో. పెట్టె మరిచిపో.

రామాంజనేయులు

*

హెబ్బగోడి,
జూలై 2.

రామాంజనేయులుకు,

పెట్టె గురించి అడిగితే పరలోకం గురించి రాశావు. ఉందా లేదా అన్న ఒక్క మాటకు కాగితం చాలలేదా?

స్పందన నన్ను ఒక పేజీలో పరిచయం రాసిమ్మంది. రాయడానికి కూర్చుంటే నాకే నవ్వొచ్చింది. నీకూ కొంత తెలుసు. పూర్తిగా విను, నాకు ఆ పెట్టె ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది.

మొదట బొమ్మసంద్రలో బోల్టుల ఫ్యాక్టరీ. లేతు మిషన్ మీద పని. ఆయుధపూజకు ఏదైనా తమాషా వేయమంటే అరగంట నాటిక రాశాను. మిషన్‌కు కుంకుమ పెట్టి జీతం పెంచమని మొక్కే కార్మికుడు. అదే మిషన్‌కు కుంకుమ పెట్టి కార్మికుల్ని తగ్గించమని మొక్కే సూపర్‌వైజరు. మిషన్ ఇద్దరికీ సరేనంటుంది. షెడ్డు రేకులు అదిరేలా నవ్వారు. నోటీసు బోర్డు మీద ‘రచన: కార్మిక సంక్షేమ విభాగం’ అని వేశారు. వారం తిరక్కుండా నన్ను తుక్కు యార్డుకు మార్చారు. అంటే రాసిందెవరో వాళ్లకు బాగా తెలుసన్నమాట.

తర్వాత మన మూడు కుర్చీల సమాజం. రంగస్థలం మీదకు మనకున్న సామాను మూడు కుర్చీలే కాబట్టి ఆ పేరు నువ్వే పెట్టావు. తొమ్మిదేళ్లు మాలూరు, హోసూరు, కోలారు తిరిగాం. వేషాలకు బట్టలు కుట్టింది నువ్వు. పక్కతెర వెనక నిలబడి, మరిచిపోయిన నటులకు మాట అందించింది నువ్వు. నా పేరు గోడల మీద సున్నంతో రాశారు. తర్వాతి పండక్కి అదే సున్నంతో చెరిపేశారు.

సమాజం ఎందుకు ఆగిపోయిందో నీకూ నాకూ తెలుసు. అది ఇక్కడ రాయను.

తర్వాత ఎన్నికలు. ఒకే వార్డులో రెండు పార్టీలకూ వీధి నాటికలు రాశాను. పొద్దున ఒకరి తరఫున తిట్టు, సాయంత్రం రెండోవాళ్ల తరఫున జవాబు. ఆ తర్వాత ఒక కన్నడ సీరియల్. పనివాడి పాత్రకు మాటలు రాశాను. హీరో కన్నా పనివాడికి నవ్వులు ఎక్కువ పడుతున్నాయని నలభయ్యో భాగంలో వాణ్ణి పాముచేత కరిపించారు. పేర్లు పడేటప్పుడు వనజ టీవీకి ముక్కు ఆనించి వెతికేది. నా పేరు ఎప్పుడూ రాలేదు. ఆ తర్వాత పెళ్లిళ్లలో పెళ్లికొడుకు మేనమామ చెప్పే చమత్కారాలు, పదవీ విరమణ సభల్లో మేనేజర్లు కళ్లజోడు పెట్టుకుని చదివే హాస్యాలు, అపార్టుమెంట్లలో నీళ్ల ట్యాంకరు నాటిక. ఒక ఐటీ ఆఫీసుకు ‘అందరం ఒక్కటే’ అని రాసిస్తే, ఆడిన మర్నాడు ఆ జట్టు మొత్తాన్ని తీసేశారు.

నలభై ఏళ్లుగా ఈ ఊళ్లో వేలమంది నా మాటకు నవ్వారు. నా పేరు చెప్పమంటే పదిమంది చెప్పలేరు.

ఇంకోసారి వస్తే మాట పూర్తిగా పోవచ్చని డాక్టరు అన్నాడు. ఆ లోపల ఒక్క కాగితం మీద నా నాటకం, దాని కింద నా పేరు చూడాలి. తిరిగి రాద్దామని నెలరోజులు ప్రయత్నించాను. పిసినారి గుండప్ప గుర్తున్నాడు, అతని పెళ్లాం గుర్తుంది. వాళ్లు ఏమన్నారో గుర్తు లేదు. ఇద్దరూ నా ముందు నోళ్లు తెరుచుకుని నిలబడి ఉన్నారు. నేనేదో అంటే వాళ్లు మాట్లాడాలని.

పెట్టె పంపు.

సొన్నప్ప

*

శ్రీరామ

కాడుగోడి,
జూలై 15.

బావా,

నిజం చెప్పేస్తాను. పెట్టె దించి చూశాను. చెదలు. లోపల మట్టి తప్ప ఒక్క కాగితం మిగల్లేదు. నువ్వు బాధపడతావని ఇన్నాళ్లూ దాచాను.

పోయింది పోయింది. దేనికి ఎంత ఆయుష్షు రాసి ఉంటే అంత. ఆ అమ్మాయికి నువ్వే నచ్చజెప్పు. శ్రావణం వస్తోంది, శనివారాలు నాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. ఇక ఈ విషయం మీద రాయకు.

రామాంజనేయులు

*

హెబ్బగోడి,
ఆగస్టు 4.

ఓ ఉపన్యాసకుడా,

చెదలు తిన్న పుస్తకాలు మైకులో మాట్లాడతాయని నాకు ఇప్పటిదాకా తెలీదు.

మొన్న శనివారం స్పందన నీ హాల్లో వెనక వరసలో కూర్చుంది. నిన్ను ఇంకోసారి బతిమాలదామని వచ్చింది పాపం. ఉపన్యాసం అయ్యాక కలుద్దామని ఫోన్‌లో రికార్డు పెట్టుకుని కూర్చుంది. నిన్న ఆ రికార్డు నా మంచం పక్కన పెట్టి వినిపించింది.

నీ గొంతే. "అమ్మల్లారా, అయ్యల్లారా, ఏడో స్కంధంలో పైకి కనపడని సూక్ష్మం ఒకటి ఉండాది. పెద్దలు గుట్టుగా చెప్పినారు" అని మొదలుపెట్టావు. ఆ సూక్ష్మంలోంచి ఎవరు వచ్చారు? నా గుండప్ప! బెల్లం డబ్బాకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునే నా గుండప్ప. కడుపుతో ఉండి తీపి మీద మనసుపడ్డ అతని పెళ్లాం. ఆమె ఒక బెల్లం గడ్డ దొంగిలించి దేవుడి పటం వెనక దాచుకోవడం. బారుగా పోతున్న చీమల వెంట గుండప్ప మోకాళ్ల మీద పాకడం. "స్వామీ, నా బెల్లం ఎవరు తిన్నారు?" అని అడిగితే, పటం వెనక నక్కిన పెళ్లాం గొంతు మార్చి, "నేనే తిన్నాను, రేపు ఇంకాస్త పెద్ద గడ్డ పెట్టు" అనడం.

వనజ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "మా అన్న గొంతులో మీ మాటలు" అంది. అంతే అంది.

నవ్వులు వినిపించాయి. నా నవ్వులు. ఎక్కడ పడాలని రాశానో సరిగ్గా అక్కడ పడ్డాయి. తర్వాత వచ్చింది అసలు దెబ్బ. నవ్వు ఆగాక ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో, దండం పెట్టుకుంటూ, "తిన్నది నువ్వే స్వామీ, నమిలింది మాత్రం నేను" అన్నారు. ఏమిటిదని స్పందన పక్కనున్న ఆమెను అడిగిందట. బిడ్డలు లేనివాళ్లు ఐదు శనివారాలు పటం వెనక బెల్లం పెట్టి ఈ మాట అంటే కడుపు పండుతుందట. పురాణంలో ఉందట. స్వామి చెప్పాడట!

నా నాటకంలో ఆ మాట గుండప్ప పెళ్లాం మూతి తుడుచుకుంటూ అంటుంది. నువ్వు దాన్ని మంత్రం చేశావు.

ఫ్యాక్టరీ వాడు నా పేరు మింగాడు, సీరియల్ వాడు మింగాడు. వాళ్లు నాకు ఏమీ కారు. నువ్వు వనజ అన్నవి. సత్యం, ప్రియం, హితం అని నాకు పాఠం చెప్పావే. ప్రియం సరే, హితం సరే. సత్యం ఎక్కడ పెట్టావు? పటం వెనకా?

నా పుస్తకాలు ఎక్కడున్నాయి?

సొన్నప్ప

*

కాడుగోడి,
ఆగస్టు 13.

బావా,

పుస్తకాలు లేవు. చెదలు తినలేదు. నేనే నీళ్లలో కలిపాను.

తిట్టు, తర్వాత తిట్టు. ముందు విను. ఇన్నాళ్లూ నువ్వు రాయనన్నది నేను రాస్తాను.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక ఆదివారం. మాలూరులో సాయంత్రం నాలుగు గంటల ఆట. ఆడుతున్నది ఆ ‘పటం వెనక బెల్లం’. నేను పక్కతెర వెనక పుస్తకం పట్టుకుని నిలబడ్డాను. కాడుగోడిలో నా ఇల్లాలు కమలమ్మకు గుండెనొప్పి వచ్చింది. పక్కింటి మేస్త్రీ తిరుపాలు ఆమెను ఆస్పత్రిలో చేర్చి, బండి వేసుకుని మాలూరు వచ్చాడు. ఆట అయ్యాక నువ్వు నా భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పుడే కబురొచ్చింది, పద" అన్నావు. మేం వెళ్లేసరికి ఆమె ముఖం మీద గుడ్డ కప్పేశారు. ఇంకాస్త ముందొచ్చి ఉంటే ప్రాణంతో చూసుకునేవాళ్లు అంది నర్సు.

పదకొండో రోజు తిరుపాలు నా కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాడు. "నేను మునుపే వస్తిని సామీ. సొన్నప్పన్న తలుపుకాడ నిలబెట్టి, ఈ సీను అయిపోనీ అన్యాడు. ఎంతసేపు నిలబడితినో."

నీతో ఒక్క మాట అనలేదు. వనజ ముఖం చూసి మింగాను. షాపుకు పోయి నీ పెట్టె దించాను. అగ్గిపుల్ల గీశాను కూడా. కానీ అక్షరాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు. మన ఇళ్లల్లో చినిగిన పంచాంగాన్ని, పగిలిన దేవుడి పటాన్ని ఏం చేస్తామో అదే చేశాను. పదకొండు పుస్తకాలకూ పసుపు రాసి, చెరువులో నడుముల్లోతు దిగి ఒక్కొక్కటే వదిలాను. నీ మీద పగ, సరస్వతి అంటే భయం. రెండూ ఒకే చేతిలో ఉన్నాయి ఆ రోజు.

తర్వాత గ్రంథం పట్టుకున్నాను. లేకపోతే పిచ్చెక్కేది. చదివింది నలుగురికీ చెప్పాలని హాల్లో కూర్చుంటే, శ్లోకానికి అర్థం చెప్పేలోపు జనం కునుకు తీసేవారు. ఒక శనివారం, ఎలా వచ్చాడో తెలీదు, నా నోట్లోంచి గుండప్ప వచ్చాడు. తొమ్మిదేళ్లు పక్కతెర వెనక గుసగుసగా చెప్పిన మాటలు మొదటిసారి గట్టిగా చెప్పాను. జనం లేచి కూర్చున్నారు. నవ్వారు. నవ్వాక శ్లోకం కూడా విన్నారు. ఎక్కడిది స్వామీ అని అడిగారు. పురాణంలోది అన్నాను. ఆ ఒక్క మాట అన్నాను. ఆ తర్వాత మిగతా నాటకాల మాటలు కూడా అలాగే వచ్చాయి.

మొక్కు నేను పెట్టలేదు. సుంకమ్మ అని ఒకావిడ, కూతురు జ్యోతికి ఎనిమిదేళ్లుగా బిడ్డలు లేక, కథ విని తనకు తానే పటం వెనక బెల్లం పెట్టింది. మనవడు పుట్టాడు. ఇక ఎవరు ఆపగలరు? మీరు ఆ నాటకం ఆడితే రేపు ఆ బిడ్డను చూసి, తమాషా మొక్కుకు పుట్టినవాడని నవ్వుతారు. ఒకరి ప్రాణానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు అబద్ధం తప్పు కాదని, మూడడుగులు అడిగిన వామనస్వామి ఎదుట గురువే తన రాజుకు చెప్పాడు. ఆ అబద్ధం వెనక నన్ను ఉండనీ. నాటకం ఆపు బావా. ఇంకేదైనా అడుగు.

రామాంజనేయులు

*

హెబ్బగోడి,
ఆగస్టు 29.

రామాంజీ,

నీ ఉత్తరం పైన ఈసారి శ్రీరామ లేదు. చదవకముందే భయమేసింది.

తిరుపాలు చెప్పింది నిజం. ఇరవై ఐదు నిమిషాలు. తలుపు పైన గోడ గడియారం ఉండేది. గుండప్ప చీమల వెంట పాకుతున్నాడు, జనం కుర్చీల్లోంచి జారిపోతున్నారు. నువ్వు పక్కన లేకపోతే గుండప్ప వేషం వేసినవాడికి ఒక్క మాట రాదు. ఈ నవ్వు అయిపోనీ అనుకున్నాను. తర్వాత ఇంకో నవ్వు ఉంది కదా, అదీ అయిపోనీ అనుకున్నాను. గ్యాస్ నొప్పి అయ్యుంటుందిలే అని తిరుపాలుతో అన్నది కూడా నేనే. వనజకు ఇన్నేళ్లూ చెప్పలేదు. నిన్న చెప్పాను. ఆమె నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది, మంచినీళ్లు పెడుతోంది, ముఖం అటు తిప్పుకుంటోంది.

నువ్వు నా పుస్తకాలు ముంచావు. నేను అంతకన్నా పెద్దది ముంచాను. ఈ రెండింటినీ త్రాసులో పెట్టి చూడమని అడగను. నాకు ఆ ముఖం లేదు.

అయినా నా పేరు నాకు కావాలి. తప్పు చేసినవాడి పేరు తుడిచేయాలని ఏ స్కంధంలో ఉంది?

వామనస్వామి కథ రాశావు. అది నేను నీ నోటే విన్నాను. అబద్ధమాడొచ్చని గురువు చెప్పాడు, సరే. ఆ రాజు విన్నాడా? వినలేదు. రాజ్యం పోయినా అన్నమాట మీద నిలబడి తల వంచాడు. గురువు చెప్పిన దగ్గరే కథ ఆపేశావేమయ్యా?

నాటకం నవంబరు 23న ఆడి తీరతారు. స్పందన ప్రతి శనివారం నీ హాల్లో కూర్చుని తీసిన రికార్డుల్లోంచి ఏరుకుని రాసుకుంటోంది. ముక్కలు ముక్కలుగా వస్తోంది. ఎవరో చూసొచ్చి నీ జనానికి చెప్పకముందే నీ మైకులో నీ నోటితో నువ్వే చెప్పు. సుంకమ్మకు కూడా నువ్వే చెప్పు. ఇది బెదిరింపు అనుకుంటావేమో. అనుకో.

సొన్నప్ప

*

శ్రీరామ

కాడుగోడి,
అక్టోబరు 13.

బావా,

నెలన్నర నీకు రాయలేదు. ఏం రాయను? ప్రతి శనివారం నోటిదాకా రావడం, జనాన్ని చూసి వెనక్కి పోవడం. ఆ మధ్య ప్రతి ఆదివారం స్పందనను పిలిపించుకున్నాను. ఆమె ఫోన్ పెట్టింది, నేను కళ్లు మూసుకుని పక్కతెర వెనక నిలబడ్డట్టు నిలబడి మొదటినుంచి చెప్పాను. ఏడు నాటకాలు పూర్తిగా వచ్చాయి. రెండు సగం సగం. రెండు ఎంత తవ్వినా రాలేదు, నన్ను మన్నించు. ఇంకో సంగతి కూడా. పద్దెనిమిదేళ్లు నోట్లో నలిగి, ఎక్కడ నీ మాట ఆగిందో ఎక్కడ నాది మొదలైందో నాకే తెలియడం లేదు. నువ్వే ఏరుకో.

మొన్న శనివారం చెప్పేశాను.

శ్లోకం చదవలేదు. మైకు పట్టుకుని నేరుగా అన్నాను. "అమ్మల్లారా, బెల్లం మొక్కు ఏ పురాణంలోనూ లేదు. అది మా బావ సొన్నప్ప రాసిన తమాషా నాటకం. నేను దొంగిలించి మీకు చెప్పినా."

హాలంతా ఒక్కసారి నవ్వింది బావా!

ముందు వరసలో పెద్దాయన తొడ చరుచుకున్నాడు. "ఈ పొద్దు కత భలే ఉండాదప్పా! స్వామే దొంగంట!" అన్నాడు. "కత కాదు, నిజం" అన్నాను. ఇంకా నవ్వు. "నేను చెరువులో పుస్తకాలు ముంచినా" అన్నాను. ఒకామె నవ్వలేక పక్కదాని ఒళ్లో పడింది. వాళ్లను నవ్వించడం ఇన్నేళ్లు చేశాను. ఆపడం నాకు చేతకాలేదు. అప్పుడు కండువా తీసి కింద పెట్టి, మెట్టు దిగి, వాళ్ల మధ్య నేల మీద కూర్చున్నాను. "మా కమలమ్మ మీద ఆన" అన్నాను.

కమలమ్మ వాళ్లలో సగం మందికి రవికలు కత్తిరించి ఇచ్చిన మనిషి. నవ్వు ఎక్కడిదక్కడ తెగిపోయింది.

ఆ నిశ్శబ్దం నీ ఏ నాటకంలోనూ లేదు.

"అయితే మేము పెట్టిందంతా ఆటనా?" అని వెనకనుంచి ఒకావిడ అరిచింది. "నా కోడలు ఐదు వారాలు ఒక్కపొద్దుండె గదయ్యా, నోరెట్లాడె నీకు?" అని ఇంకొకామె. గుడి కమిటీ అధ్యక్షుడు మోహన్‌కుమార్ పరుగెత్తుకుని వచ్చి మైకు లాక్కున్నాడు. "ఏం స్వామీ, బీపీ మాత్ర ఏసుకోలేదా? సుమ్నే ఊరికే ఏందేందో చెప్తాండారు!" అన్నాడు. తర్వాత నా చెవి దగ్గర వంగి, మెల్లగా, "వచ్చే వారం నుంచి మీరు రావొద్దండి. వేరే ఎవరినన్నా చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. సగం హాలు లేచిపోయింది. నా ముందు నుంచే నడిచిపోయారు, నా వైపు చూడకుండా. చెప్పులు వెతుక్కునే చప్పుడు ఎంతసేపు వినిపించిందో.

సుంకమ్మ పోలేదు. మూడేళ్ల మనవణ్ణి చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"స్వామీ, ఆయప్ప ఉండాడా, పోయినాడా?"

"ఉండాడమ్మా. హెబ్బగోడిలో. ఒళ్లు బాగలేదు."

"ఏమైండాది?"

"పక్షవాతం. మాట పోతాండాది."

ఆమె కాసేపు పిల్లాడి తల నిమిరింది. "ఎవురు రాస్తేనేమి, పటంలో ఉండింది స్వామే గదా. నేను మొక్కింది ఆయనకు. నాకేం సిగ్గు లేదు" అంది. తర్వాత కోపంగా, అవును బావా, మొదటిసారి అప్పుడే కోపంగా, "ఇన్నేండ్లు ఆ మాట అంటిమే, రాసినోని పేరు ఒక్కనాడన్నా చెప్తివా మాకు? మా నోట్లో అన్నం ఆయప్పది, పేరు నీదా?" అంది.



ఆమె గర్భగుడి వైపు తిరిగి పూజారిని కేకేసింది. "అప్పా, వచ్చే శనివారానికి అర్చన రాసుకో. పేరు సొన్నప్ప. ఒళ్లు బాగుపడాలని. గోత్రం, నక్షత్రం..." అని నా వైపు చూసింది.

నువ్వు నా చెల్లెల్ని కట్టుకుని నలభై ఏళ్లయింది. నీ నాటకాల్లో ఎవడి తర్వాత ఎవడు మాట్లాడతాడో నిద్రలో చెప్పగలను. నీ నక్షత్రం ఏదో నాకు తెలీదు. పూజారి కలం పట్టుకుని నిలబడ్డాడు, సుంకమ్మ నిలబడింది, నేను నేల చూస్తూ కూర్చున్నాను.

శనివారం లోపు రాసి పంపు. నేను హాల్లోకి పోను, బయట నిలబడి వింటాను.

రామాంజనేయులు

*

హెబ్బగోడి,
అక్టోబరు 16.

రామాంజీ,

ఇది పోస్టులో వేస్తే శనివారానికి అందదేమోనని వనజే తీసుకొస్తోంది. ఇంకా నాతో మాట్లాడటం లేదు. కానీ నీ ఉత్తరం రెండుసార్లు చదివి, చీర మార్చుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

నువ్వు నన్ను క్షమించావని నేను అనుకోవడం లేదు. నేనూ నా పుస్తకాల సంగతి మరిచిపోలేదు. ఇద్దరం అలాగే ఉందాం కొన్నాళ్లు. నువ్వు ఆ హాల్లో ఇక కూర్చోలేవన్న మాట చదివినప్పుడు నాకు సంతోషం కలుగుతుందనుకున్నాను. కలగలేదు.

స్పందన రాసుకొచ్చిన ప్రతి చూశాను. పదిహేడో పేజీలో, మొగుడు చీమల వెంట పాకి పాకి పటం దగ్గరికి వచ్చాక, పెళ్లాం ఇటు తిరిగి, "ఇంతదూరం నా కోసం ఎప్పుడన్నా వచ్చినావా?" అంటుంది. అది నాది కాదు. నేను అక్కడ ఒక వెకిలి మాట రాశాను, ఏదో గుర్తు లేదు. ఇది ఎవరు, ఎవరిని తలుచుకుని అన్నారో నాకు తెలుసు. కొట్టేద్దామని కలం పెట్టాను. ఎడమచెయ్యి కదల్లేదు. ఉండనీ.

నా నక్షత్రం ఎవరికీ తెలీదు. నేను పుట్టినప్పుడు వాన పడుతోందని మా అమ్మ చెప్పేది, అంతే. గోత్రం వనజ చెబుతుంది. నక్షత్రం లేనివాళ్లకు పూజారి దగ్గర ఏదో దారి ఉంటుంది, అది వేయించు.

పేరు మాత్రం నోట్లో నమిలేయొద్దని చెప్పు. గంట ఆపి, బయట నిలబడ్డ నీకు వినపడేంత గట్టిగా చదవమను.

సొన్నప్ప